ముందు విప్పి చూడండి, తర్వాతే డబ్బివ్వండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత ఎలక్ట్రిక్ గిటార్ల గురించే. కొందరు కొనబోతున్నారు, కొందరికి ఇంట్లో అటక మీద దొరికింది. అందరూ అడిగేది దాదాపు ఒకటే: ఇది అసలుదేనా, ఎప్పటిది? హ్యూస్టన్‌లో 14 ఏళ్లు రిపేరు బల్ల ముందు కూర్చుని వచ్చినవాణ్ని. ఇప్పుడు సికింద్రాబాద్‌లోనూ అదే పని. నా చేతుల మీదుగా విప్పి చూసిన వాటిని బట్టే చెబుతున్నాను.

ప్రశ్న: అన్నా, మా దగ్గర్లో ఒక పెద్దాయన తన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అమ్ముతున్నారు. 1974 నాటిది అంటున్నారు. 2,800 డాలర్లు అడుగుతున్నారు. వెనక ప్లేటు మీది నంబరు ఇంటర్నెట్‌లో కొట్టి చూస్తే 1974 అనే వచ్చింది. సన్‌బర్స్ట్ రంగు, మేపుల్ నెక్. ఫోటోలు పంపుతున్నాను. నంబరు సరిపోయింది కదా, కొనేయమంటారా?
(ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: తమ్ముడూ, నంబరు సరిపోయిందని కొనొద్దు. ఆ నంబరున్నది గిటారు మెడను (నెక్) ఒంటికి (బాడీ) కలిపే చోట స్క్రూలతో బిగించిన ఒక రేకు మీద. పది నిమిషాల్లో ఒక గిటారుది తీసి ఇంకో గిటారుకు బిగించొచ్చు. పైగా ఆ రోజుల్లో ఫెండర్ ఫ్యాక్టరీలో ప్లేట్లను డబ్బాలోంచి చేతికందింది తీసి వేసేవాళ్లు. అందుకే నంబర్ల వరస సంవత్సరాల వరసతో అచ్చంగా కలవదు. 1976లో నంబరును హెడ్‌స్టాక్ (మెడ కొసన తీగలు బిగించే తల) మీదికి మార్చేదాకా ఇదే పద్ధతి.

మీ ఫోటోలు మాత్రం బాగున్నాయి, నాకు ధైర్యం కలిగించేలా ఉన్నాయి. ప్లేటుకు మూడే స్క్రూలు ఉన్నాయి. 1971 దాకా స్ట్రాట్ నెక్‌ను నాలుగు స్క్రూలతో బిగించేవాళ్లు. ఆ ఏడాది చివర్లో మూడుకు మారి, 1981 వరకు అలాగే నడిచింది. కాబట్టి 1974 స్ట్రాట్ అని చెప్పి నాలుగు స్క్రూలది చూపిస్తే అక్కడే లేచి వచ్చేయొచ్చు. ప్లేటులో స్క్రూలు కాక ఇంకో చిన్న రంధ్రం కనిపిస్తోంది చూశారా? అందులో అలెన్ కీ పెట్టి తిప్పితే నెక్ వాలు మారుతుంది. మైక్రో టిల్ట్ అంటారు. అదీ ఈ కాలానిదే. హెడ్‌స్టాక్ మీద, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) పక్కన తుపాకీ గుండులా పొడుచుకు వచ్చింది ట్రస్ రాడ్ కొస. నెక్ వంగకుండా లోపల ఉండే కడ్డీ అది. అంతకు ముందు ఆ కొస నెక్ మడమ వైపు, అంటే బాడీలో కూర్చునే చివర ఉండేది, తిప్పాలంటే నెక్ మొత్తం ఊడదీయాల్సి వచ్చేది. హెడ్‌స్టాక్ పెద్దది. అది 1965 ఆఖర్లో వచ్చిన మార్పు. ఆ ఏడాది జనవరిలోనే సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ను కొనేసింది. సేకరించేవాళ్లు "ప్రీ సీబీఎస్" అని కళ్లకద్దుకునేది అంతకు ముందువాటినే.

మీ మూడో ఫోటో ఒకసారి పెద్దది చేసి చూడండి. హెడ్‌స్టాక్ ముఖం బాగా ముదిరిన తేనె రంగులో ఉంది. మిగతా నెక్ అంతా లేత రంగులోనే ఉంది. చాలామంది దీన్ని చూసి నెక్‌కు మళ్లీ రంగు వేశారని భయపడతారు. భయం అక్కర్లేదు, అలా ఉండటమే మంచిది. 1968 ప్రాంతంలో ఫెండర్ వాళ్లు మందపాటి పాలియెస్టర్ పూతకు మారారు. కానీ హెడ్‌స్టాక్ మీది లోగో స్టిక్కరుకు ఆ రసాయనం పడదు. అందుకని ముఖం వరకు నైట్రో లాకర్ అనే పాత రకం పూతే వేస్తూ వచ్చారు. నైట్రో ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, పాలియెస్టర్ అంతగా ఎక్కదు. ఒకే నెక్ మీద రెండు రంగులు వచ్చింది అందుకే. మొత్తం ఒకే రంగులో ఉంటే నాకు అనుమానం వచ్చేది.

బాడీ పూత కూడా అలాగే పరీక్షించండి. 1974 సన్‌బర్స్ట్ పూత గాజులా మందంగా ఉంటుంది. దెబ్బ తగిలినచోట పెంకులా ఎగిరిపోతుంది తప్ప, మెల్లగా అరిగి చెక్కలోకి కలిసిపోదు. బాడీ నిండా సన్నటి పగుళ్లు, మోచేతి దగ్గర మెత్తగా అరిగిన పూత ఉంటే అది ఎవరో తర్వాత వేసింది అయ్యుండొచ్చు. రంగు మార్చిన గిటారు ధర దాదాపు సగానికి పడిపోతుంది. అందుకని ఇక్కడ తొందరపడొద్దు.

ఇప్పుడు ఫోటోల్లో కనిపించని సంగతులు. వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం, టార్చి, మంచి ఫిలిప్స్ స్క్రూడ్రైవరు, ఒక స్టీలు గిన్నె పట్టుకెళ్లండి. ముందు వెనక కవరు తీసి, స్ప్రింగులు తగిలించిన లోహపు దిమ్మ పక్కకు అయస్కాంతం ఆనించండి. 1971 చివరి దాకా ఆ దిమ్మ స్టీలుది. తర్వాత జింకు మిశ్రమంతో పోత పోశారు. మీ గిటారు దిమ్మకు అయస్కాంతం అంటుకోకూడదు. స్ప్రింగులకు తగలనివ్వకండి, అవి స్టీలువే కాబట్టి పొరబడతారు.

తర్వాత పెద్దాయనను మర్యాదగా అడగండి, "మీ ముందే పిక్‌గార్డ్, నెక్ విప్పి చూస్తాను, మళ్లీ బిగించి ఇస్తాను" అని. మీకు చేతకాకపోతే ఆ ఊళ్లో రిపేరు చేసేవాళ్ల దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి, ఫీజు మీరు పెట్టుకోండి. నిజంగా ఎన్నో ఏళ్లుగా వాయించిన మనిషి దీనికి కోప్పడటం నేను చూడలేదు. ససేమిరా అంటే ఆ గిటారు వదిలేయండి.

ముందు తీగలు పూర్తిగా వదులు చేయాలి. పిక్‌గార్డ్‌కు, అంటే ముందున్న ప్లాస్టిక్ పలకకు, 11 స్క్రూలు. గిన్నెలో వేసుకోండి. పిక్‌గార్డ్ తిరగేస్తే మూడు పాట్‌లు (వాల్యూమ్, టోన్ గుండీల అడుగు భాగాలు), వాటి వీపు మీదో అంచు మీదో చెక్కిన అంకెలు కనిపిస్తాయి. మొదటి మూడు తయారీదారు గుర్తు: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తర్వాతి రెండు సంవత్సరం, చివరి రెండు వారం. 1377409 అని ఉంటే సీటీఎస్ వాళ్లు 1974 తొమ్మిదో వారంలో చేసిన పాట్ అన్నమాట. గిటారు దానికంటే ముందుది కావడానికి వీల్లేదు, తర్వాతది కావొచ్చు. ఫెండర్ వాళ్లు 1966లో కుప్పలుగా పాట్‌లు కొని 1969 దాకా అవే వాడారు. కాబట్టి పాట్ చెప్పేది "ఇంతకు ముందు కాదు" అనే ఒక్క మాటే. మూడింటిలో ఒకటి 1980ల నాటిదైతే పాడైపోతే మార్చారని అర్థం. దానికి పెద్దగా బాధపడనక్కర్లేదు, ధరలో కొంత తగ్గించమనండి. మూడూ తర్వాతవైతే పికప్‌లు (తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు భాగాలు) కూడా అప్పుడే మారాయేమో చూడాలి.

టంకం దగ్గరగా చూడండి. ఫ్యాక్టరీ టంకం ఇన్నేళ్లలో కాంతి తగ్గి బూడిద రంగుకు వస్తుంది. పక్కనే ఒక బొట్టు వెండిలా మెరుస్తుంటే అక్కడ ఎవరిదో చెయ్యి పడిందన్నమాటే. వైర్లకు ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. గుడ్డ తొడుగున్న వైర్లు 1960ల నాటి పద్ధతి. 1974 గిటారులో అవి కనిపిస్తే "పాతగా కనిపించాలని" ఎవరో కష్టపడ్డారన్నమాట. పికప్‌ల అడుగు బూడిద రంగులో ఉండాలి. పైన అయస్కాంతపు పుల్లలు ఎత్తుపల్లాలుగా ఉన్నా, సమంగా ఉన్నా ఈ సంవత్సరానికి రెండూ సరే. మార్పు జరిగింది 1974 ఆఖరులోనే.

ఇక నెక్. మూడు స్క్రూలు తీసి, నెక్‌ను పక్కకు మెలిపెట్టకుండా నిలువుగా పైకి లేపండి. మడమ మీద సిరాతో కొట్టిన అంకెల వరస ఉంటుంది. మొదటివి మోడల్‌ను, నెక్ రకాన్ని చెబుతాయి. చివరివి వారం, సంవత్సరం చివరి అంకె, వారంలో ఎన్నో రోజు. సిరా చెదిరిపోయి ఉంటే టార్చిని పక్కవాటుగా పట్టి చూడండి. అది పాట్‌ల తేదీతో కొన్ని నెలల తేడాలో కలిస్తే ఆ గిటారు ఇన్నాళ్లూ ఒక్కటిగానే బతికిందని నేను నమ్ముతాను. నెక్ ఒక తేదీ, పాట్‌లు ఇంకో తేదీ, ప్లేటు మూడో తేదీ చెబితే అది రెండు మూడు గిటార్ల నుంచి కూర్చింది.

తిరిగి బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. స్క్రూను రంధ్రంలో పెట్టి ముందు ఎడమకు, అంటే విప్పే వైపుకు మెల్లగా తిప్పండి. ఒకచోట టక్కుమని కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. పాత మర దొరికిందన్నమాట. అప్పుడు కుడికి తిప్పండి. అలా కాకుండా నేరుగా బిగిస్తే చెక్కలో కొత్త మర పడి, యాభై ఏళ్ల రంధ్రం వదులైపోతుంది. పెద్దాయన గిటారు ఇది. కొన్నా కొనకపోయినా వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఇచ్చి రావాలి.

చివరగా, వాయించి చూడండి. మూడు స్క్రూల నెక్‌కు ఒక చెడ్డ పేరుంది, పక్కలకు జరుగుతుందని. మెడ పట్టుకుని కొంచెం అటూ ఇటూ ఒత్తి, లావు తీగ, సన్న తీగ ఫ్రెట్‌బోర్డు అంచుల నుంచి సమదూరంలో ఉన్నాయా చూడండి. బరువు కూడా చూసుకోండి. ఆ కాలపు యాష్ కలప స్ట్రాట్‌లు నాలుగు కిలోలు దాటినవి నా బల్ల మీదికి చాలా వచ్చాయి. రెండు గంటలు నిలబడి వాయించేవాళ్లకు అది భుజానికి తెలుస్తుంది. డెబ్బైల ఫెండర్లలో నిర్లక్ష్యంగా కూర్చినవి ఉన్నాయి, ఎంతో బాగా పలికేవీ ఉన్నాయి. ఇది మొత్తం అసలుదే అని తేలితే 2,800 నాకు ఎక్కువ అనిపించదు.

ప్రశ్న: సార్, మా నాన్నగారు ఓడల్లో పనిచేసేవారు. 1977లో సింగపూర్‌లో ఒక ఐబనెజ్ గిటారు కొన్నారు. చూడటానికి అచ్చం గిబ్సన్ లెస్ పాల్. నంబరు ఎఫ్ అక్షరంతో, తర్వాత 76తో మొదలవుతుంది. ఇక్కడ ఒకాయన చూసి "ఇది లాసూట్ మోడల్, చాలా అరుదు, లక్షన్నర ఇస్తా" అన్నారు. ఇంకొకాయన "జపాన్ డూప్లికేట్, పదివేలు కూడా చెయ్యదు" అన్నారు. ఎవర్ని నమ్మాలి?
(విశాఖపట్నం)

జవాబు: అమ్మా, ఇద్దరినీ నమ్మకండి. తేదీ ముందు తేల్చేద్దాం. 1975 నుంచి జపాన్‌లో ఫుజిజెన్ ఫ్యాక్టరీలో చేసిన ఐబనెజ్‌లకు నంబరు మొదట్లో నెలను చెప్పే అక్షరం వేశారు. ఏ అంటే జనవరి, ఎఫ్ అంటే జూన్. తర్వాతి రెండు అంకెలు సంవత్సరం. మీది 1976 జూన్. నాన్నగారు 77లో కొన్నామన్నది చక్కగా సరిపోయింది.

"లాసూట్" అంటే కోర్టు దావా. ఆ మాట ఎలా వచ్చిందో చెబుతాను. 1977లో గిబ్సన్ యజమాని అయిన నార్లిన్ కంపెనీ, ఐబనెజ్‌ను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద ఫిలడెల్ఫియా కోర్టులో దావా వేసింది. గొడవ గిటారు మొత్తం గురించి కాదు, హెడ్‌స్టాక్ పైఅంచు ఆకారం గురించి. తెరిచిన పుస్తకంలా మధ్యలో నొక్కు ఉంటుంది చూడండి, దాని గురించి. ఆ పాటికే ఐబనెజ్ వాళ్లు ఆ ఆకారం మార్చేస్తున్నారు. మరుసటి ఏడాదికల్లా రాజీ కుదిరింది. దావా పడింది ఒక్క ఐబనెజ్ మీదే. కానీ ఇప్పుడు డెబ్బైల్లో జపాన్‌లో తయారైన ప్రతి కాపీనీ "లాసూట్" అని పిలిచి ధర పెంచుతున్నారు. కొనేటప్పుడు ఆ మాటకు డబ్బులు ఇవ్వకండి, అమ్మేటప్పుడు అది విని సంబరపడకండి.

మీ గిటారు విలువ దాని కట్టుబడిలో ఉంది. వెనక నెక్ దగ్గర నాలుగు స్క్రూలున్నాయని రాశారు. అసలైన లెస్ పాల్‌కు నెక్ జిగురుతో అతికించి ఉంటుంది, స్క్రూలు ఉండవు. ఐబనెజ్ మొదట్లో ఇలా స్క్రూలతోనే చేసింది. తర్వాత్తర్వాత పైరకం మోడళ్లకు అతికించడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఒక పని చేయండి. పికప్‌కు, బ్రిడ్జికి (ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం) మధ్య పైచెక్క మీద వేలి కణుపుతో మెల్లగా తట్టండి. డబ్బాలా బోలుగా మోగిందా? చాలా వాటిలో ఆ ఉబ్బెత్తు పైభాగం గట్టి మేపుల్ దిమ్మ కాదు. ప్లైవుడ్‌ను అచ్చులో ఒత్తి, కింద ఖాళీ ఉంచి అతికించింది. ఒక పికప్ చుట్టూ ఉన్న చట్రం స్క్రూలు తీసి లోపలి అంచు చూస్తే పొరలు లెక్కపెట్టొచ్చు. పొరలు కనిపిస్తే అది మామూలు రకం. గట్టిగా పలికి, లోపల ఒకే చెక్క కనిపిస్తే మంచి రకం. అప్పుడు నాకు ఫోటో పంపండి, ధర మాట్లాడుకుందాం.

మామూలు రకమే అయినా పదివేలకు ఇవ్వకండి. ఆ ఫ్యాక్టరీలో ఫ్రెట్లు వేసిన తీరు చూసి అమెరికాలో మా షాపులో పెద్ద మేస్త్రి మెచ్చుకునేవాడు. 1982లో ఫెండర్ జపాన్‌లో గిటార్లు చేయించాలనుకున్నప్పుడు వెళ్లింది కూడా ఫుజిజెన్ దగ్గరికే.

మీది సముద్రపు ఊరు. ఉప్పుగాలికి పికప్ కవర్లు, బ్రిడ్జి స్క్రూలు తుప్పు పట్టాయని రాశారు. రాపిడి కాగితం పెట్టి రుద్దొద్దు. బ్రిడ్జి స్క్రూలకు ఒక్కో చుక్క సన్న మెషిన్ ఆయిల్ వేసి రాత్రంతా ఉంచి, మెల్లగా తిప్పండి. కొత్త ట్యూనర్లు (తీగలు బిగించే మరలు), కొత్త పికప్‌లు పెట్టిస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి. ఏదైనా మార్చక తప్పకపోతే పాత భాగాన్ని కవర్లో వేసి గిటారు పెట్టెలోనే ఉంచండి.

ప్రశ్న: నమస్తే. నల్ల రంగు లెస్ పాల్ కస్టమ్ దొరుకుతోంది, నంబరు 72899తో మొదలై ఎనిమిది అంకెలుంది. బయట ధర కంటే బాగా తక్కువకు ఇస్తామంటున్నారు. "విరగలేదు, అతకలేదు" అని గట్టిగా చెబుతున్నారు. తక్కువ ధర చూస్తేనే టెన్షన్‌గా ఉంది.
(ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే. ఇదే రకం గిటారు విషయంలో నేను మోసపోయాను, అది చెబుతాను.

2004లో హ్యూస్టన్‌లో ఒక దుకాణంలో నల్ల లెస్ పాల్ కస్టమ్ కొన్నాను, 1,900 డాలర్లకు. ఏడాదిన్నర దాచిన డబ్బు. అప్పటికే నేను రిపేరు పని నేర్చుకుంటున్నాను. హెడ్‌స్టాక్ ముందూ వెనకా చేత్తో తడిమి చూశాను, నున్నగా ఉంది. ఎనిమిది నెలల తర్వాత మా బల్ల మీదికి అల్ట్రావయొలెట్ లైటు కొత్తగా తెచ్చారు. ఎలా పనిచేస్తుందో చూద్దామని గది తలుపు మూసి నా గిటారు మీదే వేశాను. వీపంతా లేత పసుపుపచ్చ కాంతి వచ్చింది. పాత నైట్రో లాకర్ అలాగే మెరుస్తుంది. నట్ వెనక మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున ముదురు ఊదా రంగు మచ్చ, ఏమాత్రం మెరుపు లేకుండా. అంచులు పొగలా పలచబడి పాత పూతలో కలుస్తున్నాయి. స్ప్రే కొట్టిన గుర్తది. గోరుతో అడ్డంగా గీస్తే, అంతకు ముందు ఎన్నోసార్లు అదే చోట నా బొటనవేలు ఆనినా తెలియని సన్నటి గీత గోరుకు తగిలింది. హెడ్‌స్టాక్ విరిగితే అతికి, నల్ల రంగు కొట్టి అమ్మారు. దుకాణానికి వెళ్తే "ఉన్నది ఉన్నట్టు అమ్మాం, రసీదు చదువుకో" అన్నారు. ఆ రాత్రి భోజనం చెయ్యబుద్ధి కాలేదు.

గిబ్సన్ హెడ్‌స్టాక్ వెనక్కి బాగా వాలి ఉంటుంది. ట్రస్ రాడ్ తిప్పే మర కోసం సరిగ్గా ఆ వంపు దగ్గరే చెక్కను తొలుస్తారు. స్టాండు మీంచి వెనక్కి పడితే విరిగేది అక్కడే. కంపెనీకీ ఆ సంగతి తెలుసు. 1970 ప్రాంతం నుంచి 1981 దాకా ఆ వంపు వెనక మణికట్టు ఎముకలా ఒక ఉబ్బు ఉంచారు, దాన్ని వాల్యూట్ అంటారు. నెక్‌ను కూడా మూడు ముక్కల చెక్కతో చేశారు.

మీ నంబరు చదవడం తేలికే. 1977 నుంచి గిబ్సన్‌లో మొదటి, ఐదో అంకెలు కలిపితే సంవత్సరం. మధ్య మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజు. మీది 79వ సంవత్సరం, 289వ రోజు, అంటే అక్టోబర్ 16. చివరి మూడు 500 కంటే తక్కువైతే కలమజూ ఫ్యాక్టరీ, ఎక్కువైతే నాష్‌విల్. నంబరు కింద చిన్నగా 2 అని ముద్ర ఉందేమో కూడా చూడండి. ఉంటే ఫ్యాక్టరీలోనే ఏదో లోపం కనిపించి సెకండ్స్ కింద పంపిందన్నమాట. 1979ది కాబట్టి వాల్యూట్ ఉండి తీరాలి. లేకపోతే ఎవరో చెక్కేశారు, లేదా నెక్కే మారింది. మేపుల్ నెక్ మూడు ముక్కల అతుకులు పొడుగునా నిటారుగా కనిపిస్తాయి, నల్లపూత మీద కూడా ఓరగా లైటు వేస్తే తెలుస్తాయి. వాటిని పగుళ్లనుకోకండి. పగులు ఎప్పుడూ వాలుగా, చెక్క నారల దారిలో, నట్ నుంచి ట్యూనర్ల వైపు పోతుంది.

చేతిలో పట్టే అల్ట్రావయొలెట్ టార్చి ఇప్పుడు ఇరవై డాలర్లలోపే దొరుకుతోంది. తీసుకుని చీకటి గదిలో చూడండి. మచ్చ కనిపిస్తే ఆ మాట వాళ్లకు చెప్పి, మామూలు ధరలో సగం అయితేనే మాట్లాడండి. మంచి జిగురుతో సరిగ్గా అతికిన గిటారు వాయించడానికి ఏ లోటూ చెయ్యదు. నా నల్లది నేను అమ్మలేదు. ఇరవై ఏళ్లుగా అతుకు అలాగే నిలిచింది. అయితే ఎవరడిగినా ముందు ఆ అతుకు చూపించి మాట్లాడతాను.

ప్రశ్న: పాత గిబ్సన్ పికప్ కొన్నాను. అడుగున పేటెంట్ నంబరు 2,737,842 అని స్టిక్కరు. వెతికితే ఆ పేటెంట్ పికప్‌ది కాదు, తీగలు తగిలించే టెయిల్‌పీస్‌ది అని వచ్చింది. నకిలీ అంటగట్టారా?
(బెంగళూరు)

జవాబు: ఆ నంబరును బట్టి నకిలీ అనలేం. అసలువాటి మీద కూడా అదే ఉంటుంది! గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ ఈ హమ్‌బకర్ (గుంయ్‌మనే రొద తగ్గించే) పికప్‌కు 1955లో దరఖాస్తు పెట్టారు, 1959లో పేటెంట్ వచ్చింది, దాని నంబరు 2,896,491. 1962 దాకా "పేటెంట్‌కు దరఖాస్తు చేశాం" (పేటెంట్ అప్లైడ్ ఫర్) అనే స్టిక్కరు అతికించేవాళ్లు, పీఏఎఫ్ అని పేరు పడ్డవి అవే. తర్వాత నంబరు వేయడం మొదలుపెట్టి, గిటారిస్టు లెస్ పాల్ గారి టెయిల్‌పీస్ పేటెంట్ నంబరు వేశారు. కాకపోతే స్టిక్కర్లు విడిగా అమ్ముతారు కాబట్టి దాన్ని బట్టి అసలుదని కూడా అనలేం. కవరు అంచున రెండు టంకం బొట్లు ఎప్పుడైనా కరిగించారా, వైరు అల్లిక లోహపు తొడుగుదేనా చూసి ఫోటో పంపండి.

ప్రశ్న: శాన్ హోసే నుంచి హైదరాబాద్‌కు వచ్చేస్తున్నాం. నా దగ్గర 1964 ఫెండర్ జాజ్‌మాస్టర్ ఉంది. రోజ్‌వుడ్ ఉంటే విమానాశ్రయంలో ఆపేస్తారంటున్నారు. నిజమా?
(శాన్ హోసే, కాలిఫోర్నియా)

జవాబు: ఏ రోజ్‌వుడ్ అన్నది ముఖ్యం. 1964 ఫెండర్ ఫ్రెట్‌బోర్డు బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి అది సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అన్నిటికంటే కఠినమైన జాబితా. మీ గిటారు అంతకు ముందే తయారైందని చూపించే కాగితాలతో అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు దగ్గర ముందే సర్టిఫికెట్ తీసుకోండి. దానికి వారాలు పడుతుంది, సామాన్లు సర్దే ముందే మొదలుపెట్టండి. రుజువు కోసం నెక్ మడమ చూడండి. ఫ్రెట్‌బోర్డు, మేపుల్ కలిసే గీత 1962 మధ్య దాకా తిన్నగా ఉంటుంది. ఆ తర్వాత రోజ్‌వుడ్‌ను పలచగా చేసి వంపుగా అతికించారు. మీది వంపుగా ఉండాలి. మడమ మీది ముద్రలో నెల, సంవత్సరం ఉంటాయి. రెండూ ఫోటో తీసి దరఖాస్తుకు జతచేయండి.

మన దేశపు రోజ్‌వుడ్, ఇరుగుడు అంటామే, కొన్నిచోట్ల జిట్రేగి అంటారు, దానికి ఇంత ఇబ్బంది లేదు. 2017లో దాన్నీ రెండో జాబితాలో చేర్చి అందర్నీ కంగారు పెట్టారు గానీ, 2019 నవంబర్ నుంచి తయారైన వాద్యాలకు మినహాయింపు వచ్చింది. అరవైల చివర్లో బ్రెజిల్ చెక్క కరువై అమెరికా కంపెనీలు మన దక్షిణాది అడవుల చెక్కకు మారాయి. డెబ్బైల గిటార్ల ఫ్రెట్‌బోర్డు మీద నాకెప్పుడూ చెయ్యి వేసి చూడబుద్ధవుతుంది.

ప్రశ్న: బాబాయ్ ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించిన గిటారు ఇంట్లో ఉంది. హెడ్‌స్టాక్ మీద సన్ ముస్టాంగ్ అని, మేడ్ ఇన్ ఇండియా అని ఉంది. ఆకారం స్ట్రాట్‌లాంటిదే. బాగా గీతలు పడ్డాయి, తెల్ల పెయింటుతో ఆర్కెస్ట్రా పేరు కూడా రాసుంది. కారు పెయింట్ షాపులో కొత్త రంగు వేయిద్దామనుకుంటున్నాను. దీనికి పాత గిటారు విలువ ఏమైనా ఉందా?
(కాకినాడ)

జవాబు: బాబూ, దయచేసి రంగు వేయించకు. సన్ అనేది ఫెండర్ చేతిలో ఉన్న పేరు. 1980ల చివరి ప్రాంతంలో కొంతకాలం ఆ పేరుతోనూ, స్క్వైర్ టూ పేరుతోనూ మన దేశంలో గిటార్లు తయారయ్యాయి. బయట పెద్ద ధర పలకదు, అది నిజం. కానీ ఫెండర్ చరిత్రలో మన దేశంలో తయారైన ముక్క అది. బాబాయ్ మోచేయి అరగదీసిన చోటు, ఆ తెల్ల అక్షరాలు కారు పెయింట్ కింద పోతే మళ్లీ తేలేవు.

చేయాల్సింది చాలా తక్కువ. పిక్‌గార్డ్ విప్పి, పాట్‌లలోకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పైసార్లు తిప్పు. గరగర చప్పుడు చాలావరకు పోతుంది. జాక్ దగ్గర వైరు ఊడితే టంకం పెట్టించు. నట్ అరిగి తీగలు ఫ్రెట్లకు తగులుతుంటే ఎముక నట్ వేయించు. ఒంటిని కొంచెం తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడువు, అక్షరాల మీద మాత్రం పొడిగుడ్డే. తర్వాత 10 నంబరు తీగలు వేసి, రెండు రోజులాగి మళ్లీ శ్రుతి చెయ్యి. బాబాయ్ ఉన్నారా? ఉంటే మొదట ఆయన చేతికివ్వు. ఆ ఆర్కెస్ట్రా ఏ ఊళ్లో, ఏ ఏళ్లలో నడిచిందో అడిగి ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టు. పిక్‌గార్డ్ విప్పినప్పుడు లోపల ఏ అంకెలున్నా ఫోటో తీసి నాకు పంపు. మన దేశంలో చేసిన వాటి లోపలి గుర్తులు పోగుచేస్తున్నాను.